వాచికం లేని హాస్యం: తీర్థపు బరి నుంచి ‘పుష్పక విమానం’ వరకు

తెలుగులో హాస్యాన్ని గురించి జరిగిన విమర్శ ఎక్కువగా మాటను ఆశ్రయించింది. గిరీశం ఇంగ్లీషు ముక్కల నుంచి పింగళి నాగేంద్రరావు పదసృష్టి వరకు పరిశోధకులు ఏరి చూపినవి ఉక్తివైచిత్రి, శ్లేష, మాండలికపు చమత్కారం. ఒక పాత్ర నడిచిన తీరుకు, పడబోయి నిలదొక్కుకున్న క్షణానికి, ఎదుటివాని చూపు తప్పించుకోవడానికి భుజం వంచిన వైఖరికి ఈ విమర్శలో చోటు తక్కువ. కారణం వెతకడం కష్టం కాదు. మన తెలుగు శాఖలు పాఠాన్ని చదవడానికి ఏర్పడినవి. పాఠం లేని చోట వాటికి పట్టు దొరకదు.

లక్షణకారులు ఈ పరిమితిని విధించలేదు. భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యానికి చెప్పిన విభావాలలో వికృతమైన వేషం, అలంకారం ముందు వస్తాయి. ధార్ష్ట్యం, లౌల్యం వంటి ప్రవర్తనలు ఆ వెంట వస్తాయి. అసత్ప్రలాపం, అంటే పొంతన లేని మాట, ఆ వరుసలో ఒకటి మాత్రమే. పోణంగి శ్రీరామ అప్పారావు ఈ గ్రంథాన్ని తెలుగు చేసి దశాబ్దాలు గడిచినా, హాస్య చర్చలో ఆ వరుస మొత్తాన్ని పట్టించుకున్న సందర్భాలు అరుదు. అదే వరుసలో ‘వ్యంగదర్శనం’ కూడా ఉంది. అవయవ లోపాన్ని చూడడం నవ్వుకు హేతువని శాస్త్రం నిస్సంకోచంగా నమోదు చేసింది. మాట లేని హాస్యాన్ని పిల్లలతో కూర్చుని చూసే కుటుంబ ప్రేక్షకుల దృష్టితో పరిశీలించేవారికి మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. మాటను తీసివేస్తే మిగిలేది దేహం. ఆ దేహం ఎవరిది? దానిని చూసి నవ్వుతున్నవారు ఎవరు?

తీర్థపు బరి

చోడవరం నుంచి మాడుగుల వైపు సాగే దారిలో వడ్డాది, దాని చుట్టుపట్ల చెరకు పొలాల పల్లెలు బుచ్చయ్యపేట మండలంలోనివి. విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ మండలం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఈ నేల మీద గ్రామదేవత జాతరను తీర్థం అంటారు. తీర్థానికి వచ్చేది ఇల్లంతా: ముసలివాళ్ళు, చంకబిడ్డలు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. కుటుంబ ప్రేక్షకులు అనే మాటను సినిమా ప్రకటనలు ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వాడుకలోకి తేవడానికి చాలా ముందే ఇక్కడ ఆ ప్రేక్షకులు ఉన్నారు. వారి ముందు ఆడేవి పులివేషాలు, నేలవేషాలు, కర్రసాము, సాముగరిడీలు, తప్పెటగుళ్ళు. వీటిలో తప్పెటగుళ్ళకు పాట ప్రాణం. అయినా రొమ్ముకు కట్టిన తప్పెటను వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో ఎగిరి, ఒకరి భుజాల మీద ఒకరు అంతస్తులుగా నిలిచే ఘట్టంలో పాట కంటే దేహాలే ముందుకు వస్తాయి.

పులివేషంలో మాట దాదాపు ఉండదు. డప్పు దరువే దానికి భాష. పులి పొంచి నడుస్తుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, వేటగానిని చూసి వెనక్కి తగ్గుతుంది, ఉన్నట్టుండి గుంపు అంచున నిలిచిన పిల్లవాని మీదికి దూకబోయి ఆగుతుంది. పిల్లవాడు తల్లి కొంగులో దూరతాడు. చుట్టూ నవ్వు పుడుతుంది. కాసేపటికి ఆ పిల్లవాడే కొంగులోంచి తల బయట పెట్టి, పులి మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని చూస్తాడు. హాస్యం శృంగారం నుంచి పుడుతుందని భరతుడు చెప్పాడు. శృంగారానుకరణకు, విదూషకునికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. పులివేషం ముందు అది చాలదు. ఇక్కడ హాస్యానికి తల్లి భయానకం. దూకు ఆగిన చోట భయం నవ్వుగా మారుతుంది. ఆ ఆగడాన్ని ఎంత ఆలస్యం చేస్తే నవ్వు అంత పెద్దది. ఆటగాని నేర్పంతా ఆ క్షణాన్ని కొలుచుకోవడంలోనే ఉంటుంది.

సర్కస్ హాస్యానికి కూడా ఇదే సూత్రం. తీగ మీద నడిచే కళాకారుడు కావాలని కాలు జారినట్టు నటించి నిలదొక్కుకుంటే జనం గుండె ఝల్లుమని, ఆ వెంటనే నవ్వుతారు. బఫూను చేసే పని ఇంకొంచెం కష్టం. నేర్పరి అప్పుడే చక్కగా చేసి చూపిన విన్యాసాన్ని అతడు అందంగా చెడగొట్టాలి. చెడగొట్టడానికి ముందు దానిని పూర్తిగా వశం చేసుకుని ఉండాలి. 1928 నాటి ‘ది సర్కస్’లో చార్లీ చాప్లిన్ తీగ మీద ఉండగా నడుముకు కట్టిన రక్షణ తాడు ఊడిపోవడం, కోతులు వచ్చి మీద పడడం చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఉత్తరాంధ్రకు సర్కస్ పరాయిది కాదు. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో తన గ్రేట్ ఇండియన్ సర్కస్‌ను మొదలుపెట్టిన తరువాతి తరంలో, వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో ఎదిగిన కోడి రామమూర్తి నాయుడు సొంత సర్కస్ సంస్థను నెలకొల్పి దేశవిదేశాలు తిరిగాడు. ఆయనను మల్లయోధునిగా, ‘కలియుగ భీముడు’గా స్మరించుకున్నంతగా ప్రదర్శన నిర్వాహకునిగా స్మరించుకోలేదు. అది కూడా దేహకళను కేవలం బలంగా కుదించి చూడడమే.

గడ మీది బిడ్డ

సర్కస్‌ కంటే చాలా పాతది దొమ్మరాట. పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’లో ప్రస్తావించిన కళారూపాలలో ఇదీ ఒకటి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ దీనికి తగిన చోటు కల్పించింది. గడ నాటి, మోకు కట్టి, డోలు కొట్టి, ఊరి నడుమ ఆడే ఈ ఆటలో పిల్లలు పెద్దవారితో సమానంగా పాల్గొనేవారు. తెలుగు భాష ఈ కళకు చేసిన అన్యాయం చిన్నది కాదు. ఆ కులనామాన్నే ఆడవారిని అనే తిట్టుగా మార్చింది. సంచార జీవనాన్నే నేరంగా చూసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం రద్దయి ఏడు దశాబ్దాలు దాటినా ఆ తిట్టు నిఘంటువుల్లోనూ నోళ్ళలోనూ మిగిలే ఉంది.

పులివేషంలో భయం నటన. ఎంత దూకినా పులి కరవదని బరి చుట్టూ ఉన్న పెద్దలకు తెలుసు. మోకు మీది బిడ్డ విషయంలో భయం నిజం. కింద వల లేదు. చూసేది పిల్లలే, ఆడేదీ పిల్లలే. ఒక బిడ్డ వినోదానికి మరొక బిడ్డ ఎముకలు పణం. దొమ్మరాట అంతరించిపోతున్నదని విచారించే జానపద పరిశోధన ఈ నిజాన్ని తరచు పక్కకు నెడుతుంది. సర్కస్‌లలో బాలల వినియోగాన్ని నిషేధించాలని 2011 ఏప్రిల్‌లో బచ్‌పన్ బచావో ఆందోళన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకు ముందే 1998 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన పులి, సింహం, ఎలుగుబంటి, కోతి వంటి జంతువులను ప్రదర్శనల నుంచి తప్పించింది. జంతువులూ పిల్లలూ తప్పుకున్న డేరాలో మిగిలినది శిక్షణ పొందిన వయోజన దేహం. కెనడాలో 1984లో పుట్టిన ‘సర్క్ దు సొలేయ్’ ఆ దేహాన్నే ప్రధాన వస్తువుగా చేసుకుని వేదికను పట్టుకుంది. రష్యన్ బఫూన్ స్లావా పొలూనిన్ 1993లో రూపొందించిన ‘స్నో షో’ దాదాపు మాట లేకుండానే పిల్లలనూ పెద్దలనూ ఒకే వరుసలో కూర్చోబెడుతున్నది. మన దగ్గర అదే మార్పు సర్కస్‌ను కుదించింది తప్ప కొత్త రంగస్థలానికి దారి తీయలేదు. నిషేధాలను తప్పు పట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఖాళీ అయిన బరిని రంగస్థలం అందుకోలేదన్నదే విచారం.

అందుకోకపోవడానికి ఒక కారణం పరిషత్తు నాటక వ్యవస్థలో కనిపిస్తుంది. పోటీకి ముందు వ్రాతప్రతి కావాలి. బహుమతులలో రచనకు పెద్దపీట. బాలల నాటిక అనే మాటకు ‘బాలలు ఆడే నాటిక’ అనే అర్థం స్థిరపడింది. నంది నాటకోత్సవాలలో దానికొక విభాగం కూడా ఏర్పడింది. పిల్లల కోసం పెద్దలు దేహాన్ని సాధన చేసి ఆడే నాటకం అనే అర్థం మాత్రం వెనుకబడింది. అంటే ఇక్కడ కూడా బిడ్డనే బరిలోకి దింపుతున్నాము. గడకు బదులు కంఠస్థం చేసిన సంభాషణ.

మాట మానిన టాకీ

వేదిక చేయని పనిని తెలుగులో కొంతవరకు చేసినది సినిమా. ‘మాయాబజార్’ (1957)లో అసమదీయులు, దుష్టచతుష్టయం వంటి మాటలపై జరిగిన చర్చకు లెక్క లేదు. అదే చిత్రంలో సావిత్రి తన దేహంలో ఘటోత్కచుని మోసిన తీరు, శశిరేఖ సౌకుమార్యం మధ్యలో హఠాత్తుగా మగ రాక్షసుని ఠీవి తొంగిచూసే భంగిమలు, రేలంగి లక్ష్మణకుమారుడు పెళ్ళిపీటల మీద పడిన హడలు, గింబళి, గిల్పం తమంతట తామే కదిలి శర్మ, శాస్త్రులను ముప్పుతిప్పలు పెట్టే ఘట్టం మాట లేకపోయినా నిలిచేవే. ఇక్కడ కూడా నవ్వు భయం కడుపున పుట్టినదే.

కె.వి. రెడ్డి వద్ద ఆ చిత్రానికి సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ముప్పై ఏళ్ళ తరువాత 1987లో ‘పుష్పక విమానం’ తీశాడు. దీనిని మూకీ అనడం సరికాదు. మూకీ చిత్రాలలో పాత్రలు మాట్లాడతాయి, మనకు వినబడదు. నడుమ అక్షరాల పలకలు వస్తాయి. ఇందులో పలకలు లేవు, శబ్దం ఉంది, వీధి రొద ఉంది, మాట మాత్రమే లేదు. అది లేకపోవడం లోటుగా తోచకుండా ప్రతి సన్నివేశాన్నీ దూరం నుంచో, అద్దం వెనుక నుంచో, వస్తువుల మార్పిడితోనో నడిపించాడు దర్శకుడు. నిరుద్యోగి అయిన నాయకుడు తాగి పడిపోయిన ధనికుని తన గదిలో బంధించి, అతని హోటలు గదిలో చేరతాడు. అక్కడి నిశ్శబ్దంలో నిద్ర పట్టక, తన పేటలోని రొదను టేపు మీద పట్టి తెచ్చి వినిపించుకుంటూ నిద్రపోతాడు. మాట లేని చిత్రంలో వర్గభేదాన్ని చెవికి వినిపించిన ఘట్టం ఇది. పి.ఎల్. నారాయణ పోషించిన బిచ్చగాడు మరణించినప్పుడు జనం శవాన్ని విడిచి చెదిరిన డబ్బు కోసం ఎగబడడం మరొకటి. నాయికను ఇంద్రజాలికుని కుమార్తెగా కల్పించడం, హంతకుడు మంచు కత్తిని వాడడం సర్కస్ బరికి దగ్గరి ఊహలు. కరిగిపోయే కత్తి దూకి ఆగిన పులి లాంటిదే: ప్రాణాంతకం, అంతలోనే హాస్యాస్పదం.

ఈ చిత్రానికి ఆరోగ్యకర వినోదాన్ని అందించిన ఉత్తమ జనరంజక చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. ఆరోగ్యకరమనిపించుకున్న ఈ వినోదంలో మలానిది పెద్ద పాత్ర. బందీ మలాన్ని నాయకుడు కానుక పొట్లంగా అందంగా చుట్టి నగరంలో వదిలి వస్తుంటాడు. చదువుకున్న యువకుడు మరొకని మలాన్ని మోయవలసి రావడమే ఇక్కడ నవ్వు. ఆ నవ్వు లోపల ఒక సామాజిక అంచనా దాగి ఉంది. పట్టభద్రుడు మోస్తే హాస్యం. అదే పనికి పుట్టించిన కులంవాడు మోస్తే దృశ్యమే కాదు. ఎవరో తెరిచే ఆ పొట్లాన్ని చివరికి ఎత్తి పోసేది ఎవరన్న ప్రశ్నను చిత్రం అడగదు. మాట లేకపోవడం వల్ల వ్యాఖ్యానం నుంచి తప్పించుకునే వీలు కూడా కలిగిందని చెప్పక తప్పదు.

1989లో అదే దర్శకుడు, అదే నటుడు కలిసి చేసిన ‘విచిత్ర సోదరులు’ నేరుగా డేరాలోకి వెళ్ళింది. మరుగుజ్జు బఫూన్ పాత్ర తనను చూసి నవ్వేవారిని తిరిగి చూస్తుంది. ప్రేమలో భంగపడిన ఘట్టంలో ప్రేక్షకుని నవ్వు గొంతులో ఆగుతుంది. వ్యంగదర్శనాన్ని లోపలి నుంచి ప్రశ్నించిన పాత్ర అది. అయినా ఆ దేహం పూర్తి ఎత్తున్న తార నేర్పుగా ధరించినది. నిజంగా ఆ ఎత్తు ఉన్న సర్కస్ కళాకారులు తెర మీద గుంపుగానే మిగిలారు.

‘పుష్పక విమానం’ తమిళ, హిందీ, మలయాళ, కన్నడ ప్రేక్షకుల ముందుకు వేర్వేరు పేర్లతో వెళ్ళింది. బెంగుళూరులో తీసిన, మాట లేని చిత్రాన్ని తెలుగు కృతిగా ఎలా పరిగణించాలన్న ఆక్షేపణ సహజం. పులివేషానికి, గరిడీకి కూడా ఈ ఆక్షేపణ వర్తిస్తుంది. డప్పు దరువుకు లిపి లేదు. అయినా ఎక్కడ ఆగితే నవ్వు వస్తుందో, ఎవరి ముందు ఎంతసేపు పొంచి ఉండవచ్చో, ముసలమ్మ ముందు పులి ఎందుకు తల వంచుతుందో నిర్ణయించేది ఆ ఊరి మర్యాదే. తప్పెటగుళ్ళపై వచ్చే సిద్ధాంత వ్యాసాలు పాటలను సేకరించి అనుబంధంగా ఇస్తాయి. అంతస్తు కట్టేటప్పుడు కింది మనిషి మోకాలు ఎంత వంచాడు, పై మనిషి దిగడానికి ఏ దరువును సంకేతంగా తీసుకున్నాడు అన్నవాటికి అనుబంధం లేదు. వీడియో తీస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. చిత్రీకరణ ఆటగాని వైపు తిరిగి ఉంటుంది. కొంగు చాటు నుంచి తల బయట పెడుతున్న పిల్లవాడు దానిలో పడడు.