తెగిన నరానికి రెండు జవాబులు

ఎదిగిన మెదడులో, వెన్నుపాములో తెగిన నాడీతంతువు మళ్లీ సాగదు, కొత్త నాడీకణం పుట్టదు అన్న మాట స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1913–14లో వెలువరించిన గ్రంథం తర్వాత దాదాపు వేదవాక్యమైంది. దాన్ని కదిలించిన ప్రయోగాల్లో రెంటిని పక్కపక్కన పెట్టి చదవాలి. 1981లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో మాంట్రియల్‌లో చేసింది ఒకటి. 1992లో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ కాల్గరీలో చేసింది మరొకటి. రెండూ కెనడావే, రెండూ ‘సైన్స్’ పత్రికలోనే వచ్చాయి. జనం నోట నానుతున్నది మాత్రం రెండోదాని తాలూకు మాటే: మూలకణాలు.

అగ్వాయో బృందం ఎదిగిన ఎలుక కాలి నరం నుంచి సుమారు 35 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒక కొసను మెదడు కాండంలో, రెండో కొసను వెన్నుపాములో అమర్చింది. మధ్య భాగం వెన్నెముక బయటే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ ముక్కను కోసి, తెగిన చోట ఒక ఎంజైమ్ అద్దారు. తంతువుల్లో వెనక్కి పాకి, అవి ఏ కణాలవో పట్టిచ్చే ఎంజైమ్ అది. అలా పట్టుబడిన కణాలు కాండంలోనూ, వెన్నుపాములోనూ ఉన్నాయి. ఇక సాగవనుకున్న కణాలే దాదాపు 30 మిల్లీమీటర్లు తంతువులు చాచాయన్నమాట. లోపం విత్తులో కంటే నేలలోనే ఉందని ఈ ప్రయోగం తేల్చింది.

రేనాల్డ్స్, వైస్ ఎదిగిన చిట్టెలుక మెదడు కణాలను విడదీసి, ఇజిఎఫ్ అనే పెరుగుదల కారకం కలిపిన ద్రవంలో ఉంచారు. చాలా కణాలు చచ్చిపోయాయి. మిగిలిన కొన్ని విభజన చెంది గుండ్రటి గుత్తులయ్యాయి. ఆ గుత్తుల నుంచి నాడీకణాలూ, నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లూ పుట్టాయి. ఇలా వేరే కణాలను పుట్టించగలిగేవే మూలకణాలు.

రెండింటి తర్కం ఒకటే: కణం ఉన్న చోటు మార్చి దాని సత్తా బయటపెట్టడం. ఒకరు మార్చింది బతికున్న ఒంట్లో, ఇంకొకరు గాజుపాత్రలో. పాత్రలో గాయం లేదు, మచ్చ లేదు, తంతువులను చుట్టి ఉండి కొత్త పెరుగుదలకు అడ్డుపడే మైలిన్ పొర లేదు. అందుకే ఆ పత్రం కణం ఏం చేయగలదో చెప్పి ఊరుకుంటుంది, దెబ్బతిన్న వెన్నులో ఏం చేస్తుందో చెప్పలేదు. అగ్వాయో పత్రం తన హద్దునూ చూపించింది. వంతెనలా అమర్చిన ఆ నరం ముక్కను దాటి తిరిగి వెన్నుపాములో అడుగుపెట్టిన తంతువులు కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. ఎందుకు ఆగాయన్న ప్రశ్నకు జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ 1988 నాటికి మైలిన్‌లోని నిరోధక ప్రోటీన్ల రూపంలో ఒక జవాబు పట్టుకున్నారు. ఓటమిని కొలిచి చెప్పిన పత్రానికి దక్కే ఫలితం ఇది.

అలాగని రేనాల్డ్స్, వైస్‌లను తక్కువ చేయలేం. తెగిన తంతువుకు వంతెన పనికొస్తుంది గాని, చచ్చిన కణానికి కాదు. పార్కిన్సన్స్ వంటి జబ్బుల్లో పోయేది కణమే. పైగా 2012లో మార్క్ టుజిన్‌స్కీ బృందం పూర్తిగా తెగిన ఎలుక వెన్నుపాములో నాడీ మూలకణాలను పెరుగుదల కారకాలతో కలిపి నాటినప్పుడు, ఏ వంతెనా లేకుండానే తంతువులు దూరదూరాలకు సాగాయి. లేత కణం పాడునేలనూ లెక్కచేయలేదు! ఎదిగిన కణాల విషయంలో అగ్వాయో తీర్పు చెల్లుతుంది. కానీ కణం వయసును లెక్కలోకి తీసుకోకపోతే అది సగం నిజమే.

మరి రోగి ఏ పత్రాన్ని నమ్ముకోవాలి? మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మరే మూలకణ ప్రయోగాన్నీ చికిత్సగా అమ్మకూడదు, అనుమతి పొందిన పరీక్షల్లోనే చేయాలి. వెన్నుపాము గాయానికి మూలకణాలు ఎక్కిస్తామనే ప్రకటనల బలమంతా గాజుపాత్రలో కనిపించిన సత్తాయే. ఎక్కించిన కణాల్లో ఎన్ని బతికాయి, తంతువులు ఎంత దూరం పోయాయి, దేనితో అతుక్కున్నాయి అన్న లెక్క అడగడం మనకు నేర్పేది అగ్వాయో పత్రమే. నా ఓటు దానికే.