పీఠిక: ఖాతాకెక్కని లాభం

ఈ పుస్తకానికి నాలుగు మాటలు రాయమని గ్రంథకర్త గుమ్మడిదలలో మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు మొదట వద్దన్నాను. బొంతపల్లిలో బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ముప్పై ఏళ్లు గడిపి రిటైరైన వాణ్ణి. విండోస్ కోసం తయారైన కంప్యూటర్ ఆటను లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తేవాలంటే ఎంత ఖర్చు, ఎంత రాబడి అన్న విషయం మీద నేనేం రాస్తాను? ఇతని తండ్రి, నేను ఒకే బ్లాకులో పనిచేశాం. ఆ చనువుతో, "పెద్దనాన్నా, ఒక ప్రొడక్టును ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకు ఎన్నిసార్లు మార్చినవ్ నువ్వు? నేను రాసింది గూడ గదే" అన్నాడు. రాతప్రతి అందుకున్నాను. రెండు రాత్రుల్లో చదివేశాను. ఇతను అన్నది నిజమే.

మందుల పనిలో ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకసారి మా దగ్గర నడుస్తున్న ప్రొడక్టునే కొత్త బ్లాకుకు మార్చాం. అదే ముడిసరుకు, అదే కొలత, అదే వేడి. కానీ కొత్త రియాక్టర్‌లో స్టిర్రర్ వేరే రకం. దాని తాకిడికి స్ఫటికాలు నలిగి సన్నబడ్డాయి. సెంట్రిఫ్యూజ్ బట్టలోంచి ద్రవం దిగదు. గంటలో అయ్యే పని మూడు గంటలు పట్టింది. కాగితం మీద ఫార్ములా మారలేదు, చేతికొచ్చిన సరుకు మారింది. వరుసగా మూడు వాలిడేషన్ బ్యాచులు సరిగ్గా వచ్చేదాకా మాకు నిద్ర లేదు.

రాతప్రతి ఇచ్చిన రోజే ఇతను మా వరండాలో ల్యాప్‌టాప్ తెరిచి అలాంటిదే ఒకటి చూపించాడు. ఆటలో ఒక ఇంటి తలుపు ఉండాల్సిన చోట నల్లటి పలక. కారణం వెతికితే బొమ్మ ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలైంది, ప్రోగ్రాములో చిన్న అక్షరంతో రాశారు. విండోస్‌కు రెండూ ఒకటే. లినక్స్‌కు రెండూ వేరు వేరు ఫైళ్లు. ఒక్క అక్షరం సవరించగానే తలుపు వచ్చింది. ఇలాంటివి వందల కొద్దీ వెతికి సరిచేయడమే పోర్టింగ్. ఒకసారి చేసి వదిలేసేది కూడా కాదు. ఆటకు అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ రెండు చోట్లా మళ్లీ పరీక్షించాలి.

లెక్కల అధ్యాయాన్ని ఇతను మన కిరాణా కొట్టు భాషలో రాశాడు. 500 రూపాయల ఆట లక్ష కాపీలు అమ్ముడైందనుకుందాం. లినక్స్ వాటా నూటికి ఒకటి అనుకుంటే వెయ్యి కాపీలు, 5 లక్షల రూపాయలు. అందులో ఆటలను ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్ దుకాణం మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. మిగిలిన మూడున్నర లక్షల్లోంచే ఇంజినీర్ల జీతాలు, పరీక్షలు, ఫిర్యాదులకు జవాబులు గడవాలి. ఆపైన ఇతను అసలు ప్రశ్న వేస్తాడు. ఆ వెయ్యి మందిలో లినక్స్ కాపీ లేకపోయినా విండోస్ కాపీ కొనేవాళ్లు ఎందరు? వాళ్ల డబ్బు కొత్త రాబడి కాదు కదా! 2020లో రాకెట్ లీగ్ ఆటకు లినక్స్, మ్యాక్ వెర్షన్లను ఆపేసినప్పుడు, ఆ రెండూ కలిపినా ఆడేవాళ్లలో 0.3 శాతం కంటే తక్కువేనని దాన్ని తయారుచేసిన సైయోనిక్స్ చెప్పింది.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక నష్టాల పద్దు అయ్యేది. ఇతను ఆగలేదు. నన్ను కదిలించింది లోకీ సాఫ్ట్‌వేర్ కథ. 1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ పెట్టిన సంస్థ అది. వేరే కంపెనీల ఆటలకు లైసెన్సు తీసుకుని, లినక్స్‌కు మార్చి, పెట్టెల్లో పెట్టి అమ్మడం దాని వ్యాపారం. 1999లో మొదటి ఆట 'సివిలైజేషన్: కాల్ టు పవర్' వచ్చింది. కానీ లినక్స్ పెట్టె దుకాణానికి చేరేసరికి చాలామంది విండోస్ పెట్టె కొనేసి ఉండేవారు. 2001 ఆగస్టులో దివాలా పిటిషన్, 2002 జనవరిలో తలుపులకు తాళం. అయితే అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే పనిముట్టు మిగిలింది. ఏ యంత్రం మీదైనా తెర, కీబోర్డు, శబ్దం ఒకే తీరుగా అందించే కోడ్ అది. లెక్కలేనన్ని ఆటలు ఇవాళ దాని మీదే నడుస్తున్నాయి. లాంటింగా ఆ తరువాత స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థలోనూ పనిచేశాడు.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు బాలానగర్ ఐడీపీఎల్ కళ్ల ముందు మెదిలింది. 1961లో ఏర్పడి, సోవియట్ సాయంతో నిలబడిన ప్రభుత్వ మందుల సంస్థ అది. 1992లో దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. ఖాతా పుస్తకం చూస్తే నష్టమే. కానీ అక్కడ పని నేర్చిన వాళ్లే బొల్లారం, జీడిమెట్ల, మా బొంతపల్లి దాకా పాకిన ఈ మందుల పరిశ్రమకు చేతులూ బుర్రలూ అయ్యారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసిన వారే. నాకు పని నేర్పిన పెద్దలకు పని నేర్పింది ఐడీపీఎల్. సంస్థ మునిగినా విద్య మునగదు. ఆ విద్య విలువ ఏ బ్యాలన్స్ షీట్‌లోనూ కనిపించదు. ఈ పుస్తకం చెప్పే ముఖ్యమైన మాట ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండో ఖాతాకెక్కని లాభం ఫిర్యాదులది. 'డెల్టా-వీ: రింగ్స్ ఆఫ్ సాటర్న్' అనే ఆట చేసిన డెవలపర్ 2021లో తన లెక్క బయటపెట్టాడు. అమ్మకాల్లో లినక్స్ వాళ్లది 5.8 శాతం, తప్పుల నివేదికల్లో 38 శాతం. చూడగానే వీళ్లతో తలనొప్పి అనిపిస్తుంది. కానీ ఆ సుమారు 400 నివేదికల్లో కేవలం లినక్స్‌కు సంబంధించినవి మూడే. మిగతావన్నీ అందరి ఆటలోనూ ఉన్న తప్పులే, మిగతావాళ్లు చెప్పలేదంతే. మా ఫ్యాక్టరీలోనూ, పనిలో తేడా వచ్చిందని డీవియేషన్ రిపోర్టు రాసే ఆపరేటర్‌ను విసుక్కునే సూపర్‌వైజర్లను నేను చూశాను. రిపోర్టు రాయని షిఫ్టే అసలు ప్రమాదం.

ఇక విండోస్ ఆటలను మార్చకుండానే లినక్స్ మీద నడిపించే ప్రోటాన్. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు మీద కట్టి, వాల్వ్ దీన్ని 2018 ఆగస్టులో తెచ్చింది. విండోస్ కోడ్ చూడకుండా, ఏ పిలుపుకు అది ఏ జవాబిస్తుందో గమనించి, అదే జవాబిచ్చే కోడ్‌ను సొంతంగా రాసుకోవడం వైన్ పద్ధతి. 1970 పేటెంట్ చట్టం కింద మందుకు కాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటున్న కాలంలో మన కెమిస్టులు చేసిందీ ఇలాంటిదే. అదే మాలిక్యూల్, వేరే దారి. ఒక్కో ఆటనూ మార్చే ఖర్చు పోయి, అన్నిటికీ కలిపి ఒకే వంతెన ఖర్చు మిగిలింది. ప్రతి అమ్మకంలో వాటా ఉన్న దుకాణదారుకు ఆ వంతెన కట్టడం గిట్టుబాటయింది. 2022 ఫిబ్రవరిలో లినక్స్ మీద నడిచే స్టీమ్ డెక్ అనే, చేతిలో పట్టుకుని ఆడే యంత్రం వచ్చింది. 2025 అక్టోబరు సర్వేలో స్టీమ్ వాడకందారుల్లో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది.

ఒక్క చోట మాత్రం నేను ఇతనితో ఏకీభవించను. ప్రోటాన్‌తో సమస్య తీరిపోయిందన్నట్టు రాశాడు. మా వైపు సంగతే చూడండి. చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ శుద్ధి యంత్రం పెట్టుకోలేవని పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పెట్టారు. మంచి ఆలోచనే. అయినా ఆ తరువాత కూడా నక్కవాగు ఒడ్డు రైతులు కాలుష్యం మీద ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. ఉమ్మడి ఏర్పాటు ఉంది కదా అని ఎవరి గేటు దగ్గర వాళ్లు కాపలా మానేయకూడదు. వంతెన ఒక కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీ మనసు మారితే? సొంతంగా పోర్ట్ చేయగల చేతులు మన కుర్రాళ్లలో కొన్నయినా ఉండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు కంప్యూటర్ తెరను తెలుగులోకి తెచ్చింది ఆ పట్టుదలతోనే.

ఇంత కొత్త విషయాన్ని, మెదక్ రోడ్డు మీద బస్సులో పక్క సీటు మనిషికి చెప్పినట్టు తెలుగులో చెప్పిన ఈ చిరంజీవిని బొంతపల్లి వీరభద్రస్వామి చల్లగా చూడాలి. చదివేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఇందులో తప్పు కనిపిస్తే ఊరుకోకండి. పేజీ నంబరు వేసి, ఏది తప్పో, ఎందుకు తప్పో రాసి ఇతనికి పంపండి. మలి ముద్రణ దానితోనే బాగుపడుతుంది.

ఆశీస్సులతో,
గుమ్మడిదల