పదహారేళ్ళ లోపు

ఫుట్‌బాల్‌లో సింగపూర్ పేరు చెబితే ఎవరూ బెదిరిపోరు. ఇంతవరకూ ప్రపంచ కప్ గడప తొక్కని జట్టు అది. అయినా ఫిఫా నడిపే అండర్-17 ప్రపంచ కప్‌కు విత్తు పడింది ఆ చిన్న దీవిలోనే. 1977లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ‘లయన్ సిటీ కప్’ పేరుతో పదహారేళ్ళలోపు కుర్రాళ్ళకు అంతర్జాతీయ పోటీ మొదలుపెట్టింది. ఆ వయసువాళ్ళకు ప్రపంచంలో అదే మొదటి పోటీ అంటారు. 1982లో ఆ పోటీలప్పుడు సింగపూర్‌లో ఉన్న ఫిఫా ప్రధాన కార్యదర్శి సెప్ బ్లాటర్‌కు ఆలోచన నచ్చింది. 1985లో చైనాలో 16 జట్లతో ఫిఫాయే అండర్-16 పోటీ పెట్టింది. ఫైనల్లో పశ్చిమ జర్మనీని 2-0తో ఓడించి నైజీరియా కప్పు పట్టుకుపోయింది. వయసు హద్దు 1991 నుంచి పదిహేడైంది.

1977 సింగపూర్‌వాళ్ళకు మామూలు ఏడాది కాదు. చూ సెంగ్ క్వీ శిక్షణలో సింగపూర్ ఆ మే నెలలోనే పెనాంగ్‌ను 3-2తో ఓడించి మలేసియా కప్ తెచ్చుకుంది. ఊరంతా ఫుట్‌బాల్ మత్తులో ఉంది. అయితే పాతిక లక్షల జనం కూడా లేని దేశం పెద్దల పోటీల్లో ఎంతకాలం నెగ్గుకొస్తుంది? కుర్రాళ్ళ దగ్గర జనాభా తెచ్చే తేడా ఇంకా ముదరదు. చిన్న దేశం పెద్ద దేశం కళ్ళలోకి చూసి ఆడగలిగే వయసు అదేనని నాకనిపిస్తుంది.

కుర్రాళ్ళ పోటీలో పనితనమంతా వయసుకు హద్దు గీయడంలో ఉంది. గోల్‌పోస్టులు ఎవరైనా పాతగలరు. వచ్చినవాడికి పదహారు నిండలేదని తేల్చేదెలా? కాగితం చూసి నమ్ముదామంటే మన సంగతి మనకు తెలియనిది కాదు. మన ఊళ్ళలో ఒక తరంలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు, రికార్డుల ప్రకారం. బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరుగారు వేసిన తేదీ అది. కొడుకు ఉద్యోగం రెండేళ్ళు ఎక్కువ సాగాలని వయసు తగ్గించి రాయించిన తండ్రులూ ఉన్నారు. అలాంటి కాగితాలు మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి. 1989లో స్కాట్లండ్‌ను వాళ్ళ సొంతగడ్డ మీదే ఓడించి సౌదీ అరేబియా అండర్-16 కప్పు గెలిస్తే, ఆ ఆటగాళ్ళ వయసు మీద గొణుగుడు ఏళ్ళ తరబడి ఆగలేదు.

చివరికి కాగితాన్ని పక్కనపెట్టి మణికట్టును అడగడం మొదలుపెట్టారు. ముంజేతి ఎముక కొసన, బొటనవేలి వైపు, ఎదిగే పిల్లల్లో మృదులాస్థి పొర ఒకటుంటుంది. ఎముక పొడుగు సాగేది అక్కడే. ఎదుగుదల ముగిసేకొద్దీ ఆ పొర ఎముకగా మారి రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. ఎంఆర్ఐ తీస్తే ఆ అతుకు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. ఆరు దశలుగా లెక్కవేస్తారు. పూర్తిగా అతుక్కుపోతే కుర్రాడు పదిహేడు దాటాడని దాదాపు ఖాయం. ఎక్స్‌రే అయితే రేడియేషన్ పిల్లల ఒంట్లోకి పోతుంది కాబట్టి ఫిఫా ఎంఆర్ఐ వైపు మొగ్గి, 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో ప్రవేశపెట్టింది. మన క్రికెట్ బోర్డు జూనియర్ల వయసు తేల్చడానికి ఎక్స్‌రేనే వాడుతోంది.

మోసం లేకపోయినా ఇంకో చిక్కుంది. జనవరి ఒకటి నుంచి లెక్కవేస్తే జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టుకు పోటీపడతారు. ఆ వయసులో పదకొండు నెలలంటే మాటలా? కెనడా ఐస్ హాకీ కుర్రాళ్ళ పుట్టిన నెలలు లెక్కవేసి రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లోనే దీన్ని బయటపెట్టింది. ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే జట్ల నిండా ఉన్నారు. ముందుగా ఒడ్డూపొడుగూ వచ్చినవాడిని చూసి కోచ్ ప్రతిభ అనుకుంటాడు. మణికట్టు పరీక్ష ఈ చిక్కు విప్పలేదు.

లయన్ సిటీ కప్ మధ్యలో మూలపడి 2011లో మళ్ళీ మొదలైంది. జువెంటస్, ఫ్లమెంగో, న్యూకాజిల్ క్లబ్బుల కుర్రాళ్ళు జలన్ బెసర్ స్టేడియంలో ఆడారు. 1929 నాటి మైదానమది. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్ళే మన తెలుగువాళ్ళకు నడిచిపోయేంత దూరం. అంతకు ముందు ఏడాదే, తొలి యూత్ ఒలింపిక్స్‌లో, సింగపూర్ కుర్రాళ్ళు ఇక్కడే మాంటెనెగ్రోను 4-1తో ఓడించి కంచు పతకం గెలిచారు.

ఆ కుర్రాళ్ళకు తర్వాత ఏమవుతుందన్నదే పేచీ. పదహారో ఏట బడి ముగింపు పరీక్షలు. పద్ధెనిమిదో ఏట మగపిల్లలందరికీ దాదాపు రెండేళ్ళ సైనిక సేవ. ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్‌కు ఒలింపిక్స్ కోసం వాయిదా ఇచ్చారు, అతను 2016లో స్వర్ణం తెచ్చాడు. 2018లో ఇంగ్లండ్ క్లబ్ ఫుల్హామ్‌తో ఒప్పందం కుదుర్చుకున్న ఫుట్‌బాలర్ బెన్ డేవిస్‌కు మాత్రం కుదరదన్నారు. అతను తర్వాత థాయ్‌లాండ్ అండర్-23 జట్టుకు ఆడాడు.