వెలుగు పెట్టె ఎంచే పనితనం

పటాన్‌చెరులో 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. 2011లో కంది జన్యుక్రమాన్ని వెలువరించిన బృందాన్ని నడిపించింది ఆ సంస్థే. ఇలాంటి చోట డీఎన్‌ఏను కంటికి చూపించే అతినీలలోహిత ఇమేజింగ్ పెట్టెను ఎంచడం కూడా ఒక పనితనమే. మెచ్చుకునేవాళ్లే తక్కువ.

పని తెలిసినవాళ్లు మెగాపిక్సెళ్ల గురించి ముందు అడగరు. జెల్‌లో ఏ రంగు కలుపుతారని అడుగుతారు. ఎథిడియం బ్రోమైడ్ 302 నానోమీటర్ల దీపం మీద నారింజ రంగులో చక్కగా వెలుగుతుంది. 254 మీదా వెలుగుతుంది గానీ డీఎన్‌ఏ త్వరగా దెబ్బతింటుంది. జెల్‌లోని డీఎన్‌ఏ పట్టీని కోసి క్లోనింగ్‌కు వాడాలంటే 365 నయం. సైబర్ సేఫ్ వేసి నీలికాంతిలో చూస్తే ఇంకా నయం. వేరుశనగలో అఫ్లటాక్సిన్‌ను టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) పలక మీద చూడాలన్నా 365 కావాలి: బి రకాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి.

అసలు నేర్పంతా ఫిల్టర్ దగ్గర. దీపపు వెలుగును ఆపి, రంగు వెలుగును మాత్రమే జల్లెడలా వదలాలి. అది నాసిరకమైతే లక్షల కెమెరా కూడా దండగే. చల్లబరిచే కెమెరా కెమిలుమినిసెన్స్ బ్లాట్లకు అవసరం. మామూలు జెల్‌కు నా లెక్కలో ఆడంబరం.

చివరికి పెట్టె తలుపు తీసి చూస్తారు. తీయగానే దీపం ఆరిపోవాలి. ఆరకపోతే, ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ కొటేషన్ పక్కకే.