మట్టిని చదివే చేతులు

అమరావతి ఐకానిక్ వంతెనకు ఏ నమూనా బాగుంటుందో చెప్పమని రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2025లో జనాన్నే ఓటడిగింది. రాయపూడి దగ్గర కృష్ణ దాటి ఇబ్రహీంపట్నం మండలంలోని మూలపాడుకు చేరే తీగల వంతెన అది. కూచిపూడి భంగిమను పోలిన నమూనా గెలిచింది. చూడ్డానికి అందంగానే ఉంది. నా ఓటు మాత్రం ఏ వంతెనకైనా ముందుగా ఏటి అడుగున మట్టిని చదివే బోరు పనివాళ్లకే.

నీళ్లలో పంటు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, కేసింగ్ పైపు దించుతారు. అందులోంచి దించిన, మట్టిని పట్టే గొట్టాన్ని దిగగొట్టడానికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మళ్లీ మళ్లీ వదులుతారు. గొట్టం దిగిన మొదటి 15 సెంటీమీటర్లను లెక్కలోకి తీసుకోరు. తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయన్నదాన్ని బట్టే మట్టి బలం తేలుతుంది. వదులు ఇసుకలో పది దెబ్బల్లోపే దిగిపోతుంది, గట్టి పొరలో యాభై కొట్టినా దిగదు. సుత్తిని తక్కువ ఎత్తు నుంచి వదిలితే దెబ్బలు ఎక్కువ పడతాయి, మట్టి ఉన్నదానికన్నా గట్టిదని కాగితం అబద్ధం చెబుతుంది. మండుటెండలో, ఊగే పంటు మీద, ప్రతి దెబ్బకూ ఆ ఎత్తు తప్పనివ్వకపోవడమే వీళ్ల విద్య.

సముద్రం కింద దారికీ ఆధారం బోరే. 1988లో తెరిచిన జపాన్ సైకాన్ రైలు సొరంగం పొడవు 53.85 కిలోమీటర్లు. ముందున్న రాతిలోకి బోర్లు వేసి చూసుకుంటూనే దాన్ని తవ్వారు.

మూలపాడు వంతెన పూర్తయ్యాక శిలాఫలకం మీద బోరు వేసినవాళ్ల పేర్లు కూడా చెక్కించండి.