సమీకరణాలు దొరికాక కూడా మిగిలే పని

ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ మీదుగా తార్నాక వైపు వస్తుంటే హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఎన్‌జీఆర్‌ఐ తగులుతుంది. నేల కింది రాళ్ల సాంద్రతను బట్టి గురుత్వాకర్షణలో వచ్చే తేడాలను అక్కడివారు మిల్లీగాల్‌లలో కొలుస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1950లలో దానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సూరి భగవంతం, 1931లోనే సి.వి.రామన్‌తో కలిసి కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్, అంటే సహజమైన భ్రమణ గుణం, ఉందని ప్రయోగంతో చూపించారు. గురుత్వాకర్షణ, స్పిన్ కలిసే చోటే సిద్ధాంత భౌతికశాస్త్రంలో ఒక చిక్కుముడి ఉంది. ఫోటాన్ స్పిన్ 1, గురుత్వాన్ని మోసే కణంగా ఊహించే గ్రావిటాన్‌కు 2 ఉండాలి. వీటికి 3, 4, 5 అంటూ అంతులేని వరుస తోడైతే అది హయ్యర్ స్పిన్ గ్రావిటీ. దాని సమీకరణాలను మిఖాయిల్ వాసిలియేవ్ 1990లో రాశారు. అవి పుట్టే యాక్షన్ మాత్రం అందరూ ఒప్పుకునే రూపంలో ఇంకా లేదు. దానికోసం పడే శ్రమ వృథా కాదన్నది నా వాదన.

విసిరిన బంతి చేతికీ నేలకీ మధ్య ఏ దారినైనా పోవచ్చనుకుందాం. ప్రతి దారిలో క్షణక్షణం గతిశక్తి నుంచి స్థితిశక్తిని తీసేసి, అంతా కూడితే వచ్చేది యాక్షన్. దారిని కాస్త అటూ ఇటూ కదిపినా ఆ మొత్తం దాదాపు మారని దారినే బంతి పడుతుంది. 1915లో హిల్బర్ట్ స్పేస్‌టైమ్ వక్రతను అలాగే కూడి, ఆ ఒక్క మొత్తం నుంచి గురుత్వ సమీకరణాలను రాబట్టారు. సమీకరణాలు చేతిలో ఉన్నాక యాక్షన్ ఎందుకని అడగొచ్చు. బంతి వరకైతే అక్కర్లేదు. క్వాంటమ్ లోకంలో మాత్రం, ఫైన్‌మన్ చూపినట్టు, అన్ని దారులూ లెక్కలోకి వస్తాయి. ఏ దారి ఏ ఫేజ్‌తో కలవాలో చెప్పేది యాక్షనే. అది లేకపోతే ఈ సిద్ధాంతాన్ని క్వాంటమ్ రూపంలోకి తెచ్చే నేరుదారి మూసుకుపోతుంది.

ఒకే సమీకరణాలకు వేర్వేరు యాక్షన్లు ఉండొచ్చు కదా అన్న అభ్యంతరం ఇంకా గట్టిది. బూలాంజే, సుండెల్ 2011లో ఒక యాక్షన్ ప్రతిపాదించారు. దాన్ని మామూలు స్పేస్‌టైమ్‌లో కాక మరిన్ని కోఆర్డినేట్లున్న విస్తృత రంగంలో రాశారు. వాసిలియేవ్ సమీకరణాలు దాన్నుంచి వస్తాయి. కానీ ఒకదానితో ఒకటి పెనవేసుకోని క్షేత్రాలకు 1978లో ఫ్రోన్స్‌డాల్ రాసిన యాక్షన్‌తో దాని బంధం సూటిగా కనబడదు. కాబట్టి సమీకరణాలు రావడం ఒక్కటే గీటురాయి కాదు, ఆ పాత రూపంతోనూ క్వాంటమ్ లెక్కలతోనూ పొంతన కుదరాలి. మూడు డైమెన్షన్లలో చెర్న్-సైమన్స్ యాక్షన్‌తో పని నడిచింది. అక్కడ ఈ క్షేత్రాలు తరంగాలుగా ప్రయాణించవు. నాలుగింటిలో ఆ వెసులుబాటు లేదు.

ఇంతకీ ఈ హయ్యర్ స్పిన్ సిద్ధాంతం చెప్పే కణాలను ఎవరైనా చూశారా? లేదు. పైగా వంపులేని స్పేస్‌టైమ్‌లో 2 దాటిన స్పిన్ ఉండి ద్రవ్యరాశి లేని కణాలు దూరాలకు బలాన్ని మోయలేవని వైన్‌బర్గ్ 1964లోనే తేల్చారు. వాసిలియేవ్ సిద్ధాంతం ఆ నిషేధం వర్తించని యాంటీ-డి సిట్టర్ వక్రతలో నిలుస్తుంది. అయస్కాంతాలు గుణం కోల్పోయే ఉష్ణోగ్రత దగ్గర వాడే వెక్టర్ మోడళ్లకూ దానికీ సంబంధం ఉందని క్లెబనోవ్, పాల్యకోవ్ 2002లో ప్రతిపాదించారు. ఆ మోడళ్ల లెక్కలు విడిగా చేసుకోవచ్చు. అంటే యాక్షన్ ఇచ్చే జవాబును సరిచూసుకునే వీలుంది. ప్రయోగం అందని చోట కూడా తప్పును తప్పని పట్టుకోగలిగే శోధన ఇది. ఇలాంటి పనికి మన విశ్వవిద్యాలయాలు చోటివ్వాలి, విద్యార్థులకు నిదానంగా నేర్చుకునే వ్యవధి ఇవ్వాలి.