బర్కిన్ అడిగిన బ్యాగు

2025 జూలై 10న పారిస్‌లోని సదబీస్ వేలంలో ఒక పాత నల్లతోలు బ్యాగు 86 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. దాని నిండా గీతలు, మరకలు, ఒకప్పుడు అంటించిన స్టిక్కర్ల జాడలు. ధర సంగతి పత్రికలన్నీ రాశాయి. అంత డబ్బు పోసి కొన్నవారి లెక్క వారిది. నాకు ఆసక్తి బ్యాగు మీదే. ఒక మనిషి తన ఇబ్బంది చెప్పుకుంటే విని, దానికి తగ్గట్టు కుట్టిచ్చిన వస్తువది. ఆమె ఏం అడిగిందో, ఎలా వాడుకుందో దాని మీద ఇప్పటికీ చదువుకోవచ్చు.

జేన్ బర్కిన్ ఇంగ్లండులో పుట్టి ఫ్రాన్సులో పేరు తెచ్చుకున్న నటి, గాయని. ఎక్కడికి వెళ్లినా ఒక అల్లిక బుట్ట చేతికి తగిలించుకుని తిరిగేది. 1984లో పారిస్ నుంచి లండన్ వెళుతుంటే విమానంలో ఆమె సామానంతా కింద పడి చెల్లాచెదురైంది. పక్క సీటులో ఉన్నాయన జాన్-లూయీ దుమా, ఎర్మెస్ సంస్థ అధిపతి. చంటిపిల్ల తల్లికి పనికొచ్చే బ్యాగు ఎక్కడా దొరకడం లేదని ఆమె వాపోయింది. అక్కడికక్కడే బొమ్మ గీయడానికి వాళ్ల చేతికందింది విమానాల్లో వాంతులకని పెట్టే కాగితం సంచి. కోట్ల రూపాయలు పలికిన బ్యాగు మొదటి రూపం దాని మీదే పడింది.

ఆ బొమ్మకు పునాది ముందే ఉంది. ఎర్మెస్ 1837లో గుర్రపు జీన్ల సరంజామా కుట్టే పనిశాలగా మొదలైంది. 1900 ప్రాంతంలో జీను, బూట్లు పట్టేలా పొడుగాటి బ్యాగు ఒకటి చేశారు. దాన్నే కుదించి, తోలు మెత్తబరిచి, పాలసీసాలు నిలబడేంత లోతు ఉంచితే బర్కిన్ బ్యాగు అయింది. గుర్రపు రౌతు అవసరం తల్లి అవసరంగా మారిన ఈ మలుపులో నాకు నచ్చేది వినయం. పాత పనితనంలో పనికొచ్చేది ఉంచుకుని, పనికిరానిది తీసేశారు, అంతే.

ఆమెకు 1985లో అందిన ఆ మొదటి బ్యాగుకీ తర్వాత దుకాణాల్లోకి వచ్చిన వాటికీ తేడాలున్నాయి. కొలతలు తర్వాతి ఏ సైజుతోనూ అచ్చంగా కలవవు. భుజానికి తగిలించుకునే పట్టీ ఉంది, అదీ ఊడదీయడానికి వీల్లేకుండా కుట్టేసింది. మామూలు బర్కిన్లలో ఆ పట్టీ ఉండదు, చేత్తో మోయాల్సిందే. మూత మీద ఆమె పేరులోని మొదటి అక్షరాలు. బ్యాగుకు వేలాడుతూ ఒక గోళ్ల కత్తెర. గోళ్లు పెంచే అలవాటు లేని ఆమెకు అది ఎప్పుడూ చేతికందాలి. పేరు ఒకటే అయినా, దుకాణంలో దొరికే బ్యాగు కంటే ఈ అరిగిపోయిన మొదటిదే మెరుగైన డిజైను అని నా అభిప్రాయం. చంకలో పిల్ల ఉన్నప్పుడు భుజం పట్టీ ఎంత అవసరమో ఎత్తుకున్నవారిని అడగండి. దాదాపు పదేళ్లు వాడి, 1994లో ఎయిడ్స్ బాధితుల సహాయం కోసం ఆమె దాన్ని వేలానికి ఇచ్చేసింది.

ఇక కుట్టు. ఈ బ్యాగుల గొప్పతనమంతా నిజానికి ఇక్కడే ఉంది. మిషను కుట్టులో పైదారం ఒకటి, కింది దారం ఒకటి. రెండూ తోలు మధ్యలో మెలిపడతాయి. ఒకచోట ఒక దారం తెగితే పక్క కుట్లూ వదులవుతాయి. ఎర్మెస్ వాడే జీను కుట్టు దారి వేరు. ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి చిల్లులోనూ ఒక సూది ఇటునుంచి అటు, రెండోది అటునుంచి ఇటు దూరతాయి. అంటే ప్రతి చిల్లులో దారం రెండుసార్లు నడుస్తుంది. పైన ఒక పోగు అరిగి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. గుర్రం మీద పోయే మనిషి ప్రాణం జీను పట్టీల మీద ఆధారపడిన రోజుల్లో ఇలా కుట్టక తప్పేది కాదు.

చూడడానికి తేలిక, చేయడానికి కాదు. కుట్టేవారు పొడుగాటి చెక్క పట్టకర్రను మోకాళ్ల మధ్య బిగించి తోలును దానిలో నిలబెడతారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. ముందు పళ్లున్న ఇనుప పనిముట్టుతో సమదూరంలో గుర్తులు వేస్తారు. తర్వాత ఆరెతో ఒక్కొక్క చిల్లే పొడుస్తారు. ఆరె మొన పలకలుగా, కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి కుట్టు కూడా వాలుగా, వరసగా పడుతుంది. ఆరె తోలును తొలిచి ముక్క తీయదు, పక్కకి నెడుతుంది. దారం వెళ్లాక తోలు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటుంది. నారదారానికి తేనెమైనం పట్టిస్తారు, లాగినప్పుడు రాపిడికి మైనం కరిగి లోపల అంటుకుపోతుంది. ఎడమచేయి ఎంత లాగితే కుడిచేయి అంతే లాగాలి. చిల్లు చిల్లుకీ ఈ సమానత తప్పకుండా కుట్టడమే అసలు చదువు. ఒక బ్యాగు మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చేస్తారు.

అంచుల పని మామూలు కంటికి కనిపించదు. రెండు మూడు పొరలు కలిసిన చోట గరుకు కాగితంతో రుద్ది, రంగు పూసి, మైనంతో మెరుగుపెట్టి, మళ్లీ రుద్దుతారు. అన్నీ కలిసి ఒకే పొరలా అనిపించేదాకా వదలరు. లోహపు బిళ్లను బిగించేటప్పుడు మేకు కొసను కత్తిరించి, దెబ్బ మీద దెబ్బ వేసి గుండ్రటి పూసలా తీర్చిదిద్దుతారు. మరమేకు వాడితే సులువే, కానీ అది వదులవుతుంది. ఆఖరున, తిరగేసి కుట్టిన బ్యాగును జాగ్రత్తగా బయటికి తిప్పుతారు. ఎన్నో గంటల పని ఒక్క తొందరపాటుతో ముడతపడే ఘట్టం అది.

కొలతకు తోలు సంచి కుట్టించుకోవడం మనకు కొత్తేమీ కాదు. మోటబావుల మీద నీళ్లు తోడిన తోలు మోట కూడా అలాంటిదే. ఎద్దుల సత్తువను బట్టి దాని పరిమాణం ఉండేది, నీళ్లు కాలువలోకి వదలడానికి కింద తొండం ఉండేది. తర్వాత బొక్కెన ఇనుముదైనా తొండం మాత్రం తోలుదే. లందలో తోలు ఊరవేసి, తంగేడు పట్టతో పదును చేసి, ఆరెతో కుట్టిన మాదిగ పనివాళ్లకు కళ్లంలో కొలిచిన గింజలే కూలి. వాళ్లలో ఎవరి పేరూ ఏ వస్తువు మీదా మిగల్లేదు. ఎర్మెస్ బ్యాగు మీదైనా పనివాడి గుర్తు సంకేతంగానే ఉంటుంది, పేరు కొన్నవారికి తెలియదు.

ఇప్పుడు చేత్తో కుట్టేవారి దగ్గర బ్యాగు చేయించుకోవాలంటే, ఫొటో చూపించి ఇలాంటిదే కావాలనడం కంటే రోజూ మోసేవన్నీ తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పరచడం మంచిది. ల్యాప్‌టాప్ దాని ఛార్జర్‌తో సహా. టిఫిన్ డబ్బా, నీళ్లసీసా కూడా. స్కూటర్ మీద వెళ్లేవారు పట్టీని అడ్డంగా వేసుకుని, కూర్చుని మరీ కొలిపించుకోవాలి. నిలబడితే సరిపోయే పట్టీ కూర్చుంటే తొడ మీదికి జారుతుంది. ఫోను ఏ చేత్తో తీస్తారో అటువైపే జేబు. తంగేడు పట్టలాంటి చెట్టు సరుకుతో పదును చేసిన తోలు బిర్రుగా నిలబడుతుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది, వానకు మచ్చపడుతుంది. క్రోమియంతో పదును చేసింది మెత్తన, తడికి కాస్త నయం. పట్టీ మాత్రం పశువు వెన్ను భాగంలోంచి కోయించుకోవాలి. పొట్టవైపు తోలు బరువుకు సాగిపోతుంది. కోయడానికి ముందు మందపాటి అట్టతో ఒక నమూనా చేయమని అడగండి. గుడ్డలో తప్పు కుట్టు విప్పొచ్చు, తోలులో పడిన చిల్లు పూడదు. మంచి పనివాళ్లు ఈ మాట మీరు అడక్కముందే చెబుతారు.

బేరమాడేటప్పుడు ఇంకో సంగతి కనుక్కోండి: కుట్టు వదిలితే మళ్లీ ఎవరు కుడతారు? జీను కుట్టు వేసిన బ్యాగులో పాత దారం తీసి, అవే చిల్లుల్లోంచి కొత్త దారం లాగొచ్చు. మిషను కింద పెడితే సూది పాత చిల్లుల పక్కన కొత్తవి పొడుస్తుంది, అంచు బలహీనపడుతుంది. ఎర్మెస్‌కు ఇలాంటి మరమ్మతుల కోసమే విడిగా పనివాళ్లున్నారు. మీ ఊళ్లో కుట్టేవారు ఒక్కరే అయితే వాళ్ల ఫోన్ నంబరు రాయించుకుని, మిగిలిన దారం, తోలు ముక్కలు కూడా అడిగి తెచ్చుకోండి.